తడి పోని తివాచీ

మా ఇంట్లో ఒక ఏలూరు తివాచీ ఉంది. మా అమ్మమ్మ కాపురానికి వెళ్ళినప్పుడు ఆవిడతోపాటు వెళ్ళి, అమ్మమ్మ పోయాక అమ్మ దగ్గరికి చేరింది. ఎరుపు నేల, నీలపు అంచు, నడుమ ఏ చెట్టువో చెప్పలేని పూలు. నేను ఓనమాలు దిద్దింది ఆ పూల మీద కూర్చునే.

నిరుడు శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం వస్తోందని ఆ తివాచీని నీళ్ళపెట్టి శుభ్రం చేసే ఒక దుకాణానికి ఇచ్చాను. రెండో రోజుకల్లా చుట్ట చుట్టి, ప్లాస్టిక్ కాగితంలో బిగించి, ఇంటికి తెచ్చి ఇచ్చారు. రంగులు తేటపడ్డాయని మురిసిపోయి హాల్లో పరిచాం. తెల్లవారేసరికి ఇల్లంతా ఒక వాసన. తడిసిన కుక్క, నానిన గోనెసంచి, పులిసిన గంజి, ఈ మూడూ కలిసి ఒకచోట కాపురం పెట్టినట్టు! సాంబ్రాణి పొగ వేశాం. అగరొత్తులు వెలిగించాం. ఎవరో చెబితే బజారునుంచి పరిమళపు సీసా తెచ్చి చల్లాం. చివరికి తేలినదేమిటంటే, సాంబ్రాణి వేసిన తడికుక్క కూడా తడికుక్కే.

నాలుగో రోజు అమ్మ, "ఒరేయ్, దీన్ని తీసేద్దాంలే. వ్రతంనాటికి ఇంట్లో ఈ కంపేమిటి?" అంది. ఆ మాట అంటూ తివాచీ కేసి చూడలేదు. అది ఆవిడ తల్లి వస్తువు. "వారం రోజులాగు" అన్నాను. ఆ వారంలో చేసిన పనీ, చదివిన చదువూ కలిపితే ఈ వ్యాసమైంది.

నన్ను తొలిచిన ప్రశ్న ఒక్కటే. మనుషులు తివాచీలు నేయడం ఇవాళ మొదలుపెట్టలేదు. ఆల్తాయ్ పర్వతాల్లోని పాజిరిక్ సమాధుల తవ్వకాల్లో 1949లో సెర్గెయ్ రుదెంకో వెలికితీసిన తివాచీ వయసు సుమారు 2,400 సంవత్సరాలు. ఇప్పుడది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంది. సమాధిలోకి చేరిన నీరు గడ్డకట్టి మంచైపోవడంవల్ల అది అన్నేళ్ళూ నిలిచింది. గడ్డకట్టిన నీరు ఉన్నిని కాపాడింది, మా ఇంట్లో ద్రవంగా మిగిలిన నీరు నాలుగు రోజుల్లో ఆ ఉన్నిని వీధిలో పారేసే దశకు తెచ్చింది. పరిమళపు సీసాలు లేని కాలంలో ఉన్ని ఉతికినవాళ్ళు ఈ వాసనను ఎలా వదిలించుకున్నారు?

దానికి ముందు ఆ వాసన ఏమిటో తెలియాలి. గొర్రెబొచ్చు చాలా దాహంగల పదార్థం. తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు. వానలో గొంగడి కప్పుకుని గొర్రెల వెంట తిరిగే కాపరికి ఈ గుణమే శ్రీరామరక్ష. తివాచీ ఉతికేవాడికి ఇదే శాపం. పైన తడిమి చూసి "ఆరిపోయింది" అనుకుంటాం. అడుగున, ముడులు బిగిసిన చోట, నీరు ఇంకా కూర్చునే ఉంటుంది.

ఇక వాసనలు రెండు. మొదటిది ఉన్నిది. పోగుల్ని అంటుకుని ఉన్న వాసన అణువులను నీరు అక్కడినుంచి తోసేస్తుంది. గొర్రె చర్మంనుంచి వచ్చిన కొవ్వు, అదే లానొలిన్, కొంత మిగిలి ఉంటే అదీ తోడవుతుంది. వాన తడిసిన గొంగడి వాసన ఇదే. ఆరితే ఇది తనంతట తనే పోతుంది. రెండోది సూక్ష్మజీవులది. తడి ఒకటి రెండు రోజులు దాటి నిలిస్తే అవి అక్కడ ఉన్న మట్టినీ, చెమటనూ, మిగిలిన సబ్బునూ తిని, ఆమ్లాలను వదులుతాయి. ఇంట్లో ఆరేసిన బట్టల ముక్కవాసన గురించి జపాన్ శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన పరిశోధనలో మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బాక్టీరియాను ప్రధాన దోషిగా పట్టుకున్నారు. అది తయారుచేసే 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం ఆ కంపుకు మూలం. అంతకన్నా చిత్రమేమిటంటే, ఆ జీవి ఎండబెట్టడాన్నీ అతినీలలోహిత కిరణాలనూ కూడా చాలావరకు ఓర్చుకుంటుంది. ఆరినప్పుడు వాసన లేని గుడ్డ మళ్ళీ కాస్త తడవగానే కంపు కొట్టడం మనకందరికీ అనుభవమే కదా. దాని వెనక ఉన్న రహస్యం ఇది.

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం. ఉన్ని ఉతకడం ఒక పరిశ్రమగా మనకు బాగా తెలిసిన తొలి చోట్లలో ప్రాచీన రోమ్ ఒకటి. అక్కడి చాకళ్ళను ఫుల్లోనులనేవారు. వాళ్ళ ముఖ్యమైన సరుకు పులిసిన మూత్రం! పులిసినప్పుడు అందులో పుట్టే అమోనియా ఉన్నిలోని జిడ్డును కరిగిస్తుంది. తొట్లలో ఆ ద్రవం పోసి, బట్టలు వేసి, కాళ్ళతో తొక్కేవారు. ఈ మూత్రం మీద వెస్పాసియన్ చక్రవర్తి పన్ను వేశాడు. కొడుకు టైటస్ చీదరించుకుంటే, ఆ పన్నుగా వచ్చిన నాణెం అతని ముక్కు దగ్గర పెట్టి వాసన వస్తోందా అని అడిగాడని చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు.

కథ ఇక్కడితో ఆపి నవ్వుకోవడం మామూలు. నాకు ఆసక్తి కలిగించింది తర్వాతి అంకం. మూత్రంలో తొక్కిన అంగీని తొడుక్కుని రోమన్ పౌరుడు సభకు ఎలా వెళ్ళగలిగాడు? ఓస్టియాలో బయటపడిన పెద్ద ఫుల్లోనికాలు దీనికి జవాబు చెబుతాయి. వాటిలో తొక్కే తొట్లు చిన్నవి, గోడల వెంబడి ఉంటాయి. నడిమి భాగాన్నంతా ఆక్రమించినవి జాడించే కుండీలు. నీరు ఒకదాన్లోంచి మరొకదాన్లోకి పారేలా కట్టిన విశాలమైన కుండీలు. అంటే ఉతకడానికి ఇచ్చిన చోటుకు ఎన్నో రెట్లు జాడించడానికి ఇచ్చారన్నమాట. పాంపేయీలో వెరానియస్ హిప్సేయస్ ఫుల్లోనికా స్తంభం మీది చిత్రంలో ఒక మనిషి బుట్టలాంటి చట్రాన్ని తల మీదుగా మోసుకొస్తూ కనిపిస్తాడు. ఉన్నిబట్టను ఆ చట్రం మీద పరిచి కింద గంధకం పొగ వేసేవారు. బట్ట తెల్లబడేది. ఆ పొగ సూక్ష్మజీవులకు గిట్టదని వాళ్ళకు తెలిసే అవకాశం లేదు. ముక్కుకు మాత్రం తెలిసే ఉంటుంది.

రోమన్ల అంగీలనుంచి తివాచీల అసలు దేశమైన ఇరాన్‌కు వద్దాం. టెహ్రాన్ పక్కన రేయ్ పట్టణంలో చష్మె-అలీ అనే ఊట ఉంది. ఊట పైని రాతి మీద కజార్ వంశపు ఫతే అలీ షా చెక్కించుకున్న శిల్పం ఉంది. టెహ్రాన్ జనం తరతరాలుగా తివాచీలు మోసుకొచ్చి ఉతికిన చోటు ఇది. ఆ నీటికి రంగుల్ని మెరిపించే గుణం ఉందని నమ్మకం. ఉతికిన తివాచీలను చుట్టూ ఉన్న ఏటవాలు రాళ్ళ మీద పరిచేవారు. పాత ఛాయాచిత్రాల్లో ఆ కొండచరియ మొత్తం పూలతోటలా ఉంటుంది. నీటి గుణం మాటెలా ఉన్నా, ఆ చోటులోని ఏర్పాటును గమనించండి. పైన పారే నీరు. మురికిని వెంటనే తీసుకుపోతుంది. పక్కనే వేడెక్కే రాయి, అడుగునుంచి ఆరబెడుతుంది. ఏటవాలు, నీరు తనంతట తనే జారిపోతుంది. చుట్టూ పొడిగాలి. తివాచీకి దుర్వాసన పట్టే వ్యవధి ఎక్కడుంది?

ఇదే దేశంలో కాషాన్ దగ్గరి మష్హదె అర్దహాల్‌లో ఏటా ఖాలీషూయాన్ అనే ఉత్సవం జరుగుతుంది. ఆ మాటకు అర్థమే తివాచీ ఉతకడం. అక్కడ అమరుడైన సుల్తాన్ అలీ దేహాన్ని తివాచీలో చుట్టి తీసుకెళ్ళి కడిగి ఖననం చేశారన్న విశ్వాసంతో, మెహ్ర్ మాసం పదిహేడో తేదీకి దగ్గరి శుక్రవారం ఒక తివాచీని ఊరేగింపుగా వాగుకు తీసుకెళ్తారు. ఫీన్ గ్రామస్థులు చెక్కిన కర్రలతో ఆ వాగు నీటిని దాని మీద చిలకరిస్తారు. పన్నీరు కూడా చల్లుతారు. యునెస్కో 2012లో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇది శోకపు ఉత్సవం, దీన్ని గృహవైద్యంగా చదవడం భావ్యం కాదు. అయినా ఒక్క సంగతి మనసుకు తగిలింది. పన్నీటికి పుట్టిల్లులాంటి కాషాన్ ప్రాంతంలో సైతం పన్నీరు వాగునీటికి తోడుగానే వచ్చింది. వాగును వదిలేసి పన్నీరు ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్ళం మేమే.

మన తీరానికి ఈ విద్య వచ్చింది కూడా ఆ దేశంనుంచేనని చెప్పుకుంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవుకు పారశీకంతో గట్టి రాకపోకలుండేవి. అలా వచ్చిన నేతగాళ్ళు ఏలూరులో స్థిరపడ్డారని అక్కడి పెద్దల మాట. తంగెళ్ళమూడి ప్రాంతం ఈ నేతకు పేరుపడింది. అటు ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనకు వెళ్ళి చూసినవారి మెప్పు పొందాయి. అదే ఓరుగల్లు నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాని ఒక తేడా ఉంది. ఇరాన్ పీఠభూమి గాలి పొడిది. కృష్ణా గోదావరుల నడుమ గాలి శ్రావణ భాద్రపదాల్లో తానే తడిబట్టలా ఉంటుంది. నేత ప్రయాణం చేసి వచ్చింది, వాతావరణం రాలేదు. నూలు జంపఖానాను చాకిరేవులో బండకేసి బాది, ఇసుకతిన్నె మీద ఆరేస్తే సరిపోతుంది. ముడుల తివాచీ సంగతి అలా కాదు.

ఈ అనుమానంతోనే తెలిసినవారి ద్వారా ఏలూరులో ఒక వృద్ధ నేతగాడికి ఫోన్ చేశాను. "సాయిబుగారూ, మా తివాచీ ఉతికిస్తే వాసనొస్తోందండీ" అన్నాను. "ఏ నెలలో ఉతికించారు బాబూ?" అని అడిగారు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నీళ్ళు పోసేది గంట పని బాబూ, నీళ్ళు తీసేది మూడ్రోజుల పని. సంక్రాంతి దాటాక ఉతుక్కోవాలి గాని, వానాకాలంలో ఎవరు చెయ్యమన్నారు?" ఆయన ఇంకో ప్రశ్న కూడా అడిగారు: "చుట్టి ఇచ్చారా, మడతేసి ఇచ్చారా?" ప్లాస్టిక్‌లో చుట్టి ఇచ్చారన్నాను. "అయితే మాగబెట్టారన్నమాట, మామిడిపండులాగ" అని నవ్వారు.

తడిని వదిలించడమే అసలు పని అన్న ఈ జ్ఞానం ఎప్పుడు మరుగున పడింది? ఐరోపాలో తివాచీని ఏడాదికోసారి బయటికి మోసుకెళ్ళి, తాడు మీద వేసి, బెత్తంతో దులపడం ఆచారం. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ ఇంగ్లండ్‌లో పీల్పుయంత్రం కనిపెట్టాడు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలోని తివాచీలను పరిచినచోటనే దానితో శుభ్రం చేశారు. తివాచీ బయటికి వెళ్ళక్కర్లేదని ఆ రోజు రుజువైంది. దుమ్ము విషయంలో అది వరమే. కాని ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో పడమటి దేశాల్లో గోడనుంచి గోడదాకా మేకులు కొట్టి పరిచే తివాచీలు వ్యాపించాక, బయటికి తీయడమే అసాధ్యమైంది. వాగు దగ్గరికి తివాచీ వెళ్ళలేదు గనక నీరే గదిలోకి వచ్చింది. వేడినీటిని చిమ్మి వెనక్కి పీల్చే యంత్రాలు వచ్చాయి. పీల్చగా మిగిలిన నీరు అడుగునున్న మెత్తలోకి దిగేది. పైగా కొత్తరకం తివాచీలకు అడుగున రబ్బరుపాల జిగురు, జనపనార గుడ్డ. జిగురు గాలిని అడ్డుకుంటుంది, జనపనార తడిని దాచుకుంటుంది.

అలా మిగిలిపోయిన వాసనను పట్టుకోవడానికి రసాయనశాస్త్రం రంగంలోకి దిగింది. బొగ్గు రంగునూ వాసననూ పట్టి ఉంచుతుందన్నది 1785లో లోవిట్జ్ చేసిన ప్రయోగాలనుంచే తెలుసు. 1854లో జాన్ స్టెన్‌హౌస్ బొగ్గుతో గాలిని వడకట్టే సాధనాలు చేశాడు. వంటసోడా ఆమ్లాలతో కలిసి, వాటిని గాలిలోకి ఎగరలేని లవణాలుగా మారుస్తుంది. వెనిగర్ దీనికి ఎదురు పని చేస్తుంది. మిగిలిన సబ్బు క్షారాన్నీ అమోనియా వాసననూ అణుస్తుంది. 1891లో విలియర్స్ పిండిపదార్థంనుంచి వేరుచేసిన సైక్లోడెక్స్‌ట్రిన్లు ఉంగరాల్లాంటి అణువులు. వాసన అణువు ఆ ఉంగరంలో ఇరుక్కుంటుంది. 1998లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చిన ఫెబ్రీజ్‌లో ఉన్నది ఇదే. ఇవేవీ మోసం కావు, అన్నీ పనిచేస్తాయి. కాని ఇవన్నీ పుట్టిన వాసనను పట్టుకునేవే. పుట్టించే తడి అక్కడే ఉంటే రేపు మళ్ళీ పుడుతుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమంటే ఇదే.

ఎండ సంగతి కూడా చెప్పాలి. 1877లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ డౌన్స్, థామస్ బ్లంట్ అనే ఇద్దరు పోషకద్రావణం నింపిన గాజుగొట్టాలు కొన్నిటిని ఎండలో, కొన్నిటిని ఎండ సోకకుండా సీసపు రేకు చుట్టి ఉంచారు. ఎండ తగిలినవి తేటగా నిలిచాయి, మూసినవి సూక్ష్మజీవులతో మసకబారాయి. చష్మె-అలీ రాళ్ళ మీద జరుగుతున్నదానికి శాస్త్రం వేసిన సంతకం అది. అయితే ఎండ ఉపరితలాన్నే తాకుతుంది, రంగుల్ని కూడా తింటుంది. అందుకే వెనక వైపును ఎండకు పెట్టడం మేలు.

ఇక మా ఇంటి కథ ముగింపు. ముందుగా తెల్లగుడ్డ తడిపి ఒక మూల రుద్ది, రంగు దిగడం లేదని చూసుకున్నాను. మేడ మీద, తెరిపిచ్చిన ఒక ఉదయం, తివాచీని ఏటవాలుగా పరిచి మంచినీళ్ళతో మళ్ళీ జాడించాం. తడి పోగొట్టడానికి మళ్ళీ తడపడమేమిటని అమ్మ ఆశ్చర్యపోయింది. కాని మొదటి జాడింపులో తెల్లటి నురగ ఇంకా వస్తూనే ఉంది. దుకాణంవాళ్ళు వదిలేసిన సబ్బే అది, సూక్ష్మజీవులకు పెట్టిన భోజనం. నురగ ఆగేదాకా పోశాక, బకెట్ నీళ్ళలో ఒక గ్లాసు వెనిగర్ కలిపి చివరి జాడింపు చేశాం. తర్వాత పొడి తువ్వాళ్ళు పరిచి కాళ్ళతో తొక్కాం, రోమన్ ఫుల్లోనుల్లాగ. తడితుడుపు యంత్రం ఒకటి అద్దెకు తెచ్చి వెనకనుంచీ ముందునుంచీ నీరు పీల్చాం. రెండు నవారు మంచాల మీద, గాలి అడుగునుంచి కూడా ఆడేలా పరిచి, పైనొక ఫ్యాను, కిందొక ఫ్యాను పెట్టాం. ఎండ వచ్చినప్పుడు వెనక వైపు ఎండకు తిప్పాం. రాత్రిళ్ళు లోపలికి తెచ్చాం. సాయిబుగారు చెప్పినట్టే మూడు రోజులు పట్టింది. పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరాకే పొడి వంటసోడా చల్లి, ఒక రాత్రి ఉంచి, దులిపి పీల్చాం. తడి ఉన్ని మీద సోడా వేయకూడదు, దాని క్షారం పోగుకు మంచిది కాదు.

వ్రతంనాటికి తివాచీ హాల్లో ఉంది. పేరంటాళ్ళు దాని మీదే కూర్చున్నారు. అమ్మ ఒకసారి వంగి, ఎవరూ చూడకుండా, అంచును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం నేను చూశాను. ఏమీ అనలేదు.

పూర్తిగా గెలిచామని అనలేను. ముసురు పట్టిన రోజున ఒక మూల ఇప్పటికీ లీలగా వాసన వేస్తుంది. ఎండకు చావని జీవి కథ చెప్పాను కదా, అది అక్కడ కాపురముందేమో. ఆ మూలను అమ్మ కిటికీ వైపు తిప్పి వేసింది. మళ్ళీ ఉతికిద్దామా అంటే, "సంక్రాంతి దాటనీ" అంటోంది. తరాల కిందట నేతతోపాటు వచ్చి ఉండవలసిన ఆ ఒక్క జాగ్రత్త, ఆలస్యంగానైనా, మా ఇంటికి చేరింది.

మీ ఇళ్ళలో గొంగళ్ళో, రత్నకంబళ్ళో ఉండి ఉంటాయి. వాటిని ఎప్పుడు ఉతికేవారో, ఎక్కడ ఆరేసేవారో మీ పెద్దవాళ్ళను ఒకసారి అడగండి. ఉతకడం గురించి ఏ సీసా వెనకైనా రాసి ఉంటుంది. ఆరబెట్టడం గురించి చెప్పగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు.